గుమ్మం దగ్గర సుద్దముక్క

జనవరి 9

ఒరేయ్ బొత్తాం,

ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానక్కా" అని, నేను ఇంకో మాట అనేలోపు పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టెయ్యడం కుదరదుగా.

నిన్న మరదలు ఫోన్ చేసింది. నీకు చెప్పకుండా చేసింది, తన మీద ఎగరకు. పొద్దున్నే మంచం దిగడానికి గోడ పట్టుకుంటున్నావట. చెప్పులు తనే తొడుగుతోందట. ఇక మిషను తొక్కొద్దని డాక్టరుగారు అన్నారని షాపు అమ్మేస్తున్నావట. ఇదంతా ఒక్క బిగిన చెప్పి ఏడ్చింది. నా తమ్ముడి సంగతులు నాకు ఈ దారిన తెలియాలా?

అప్పట్నుంచి మన ఇల్లే కళ్ళ ముందు తిరుగుతోంది. ముందు గది నాన్న షాపు, వెనక గదుల్లో మనం. ఇస్త్రీపెట్టె వేడి వాసనకి లేవడం, కాళ్ళకింద దారపు ముక్కలు. పొద్దుటి ఊరేగింపు గుర్తుందా? నాన్న మనిద్దర్నీ లేపి, వెనక గదిలోంచి షాపు గుమ్మం దాకా, మళ్ళీ అక్కణ్ణుంచి వెనక్కి, తిప్పిందే తిప్పడం. ముందు నాన్న, మధ్యలో టేపు మెళ్ళో వేసుకుని నువ్వు, చివర బిస్కెట్ల డబ్బా మూత వాయిస్తూ నేను. గుమ్మం దగ్గర నేల మీద ఒక సుద్దముక్క పెట్టేవాడు చూడు. ప్రతి చుట్టుకీ దాని ముందు ఆగి, వంగి, చెయ్యి చాపి, అందనట్టు ముఖం పెట్టి "ఇంకో చుట్టు!" అని అరిచేవాడు. ఏం నటించేవాడు రా! సుద్దముక్క చేతికి అందిందంటే ఊరేగింపు అయిపోయినట్టు. నువ్వు ముందే పరిగెత్తి తీసివ్వబోతే "దొంగా, అది నాది" అని మళ్ళీ కింద పెట్టించేవాడు. అమ్మ మాత్రం నవ్వేది కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఆ సుద్దముక్క వంకే చూసేది. పనికి ఆలస్యమవుతోందని కోపం అనుకునేదాన్ని.

సరే, అసలు సంగతి. ఇంకో డాక్టరుకి చూపించు. ఒక్కసారి చాలు. చొక్కా నప్పకపోతే నీ కస్టమరు ఇంకో టైలరు దగ్గరికి పోతాడా పోడా? నీ నడుముకి ఆపాటి విలువ లేదా?

నువ్వు గోడ పట్టుకోకుండా మంచం దిగావని వినాలని కూర్చున్న
అక్క


జనవరి 20

అక్కకి,

నీ మరదలి మీద ఎగరలేదు. ఎగిరే నడుమే ఉంటే ఈ గొడవంతా ఎందుకు?

ఇంకో డాక్టరంటావు. మన డాక్టరుగారి ముఖం నేనెలా చూడను? నేను బొత్తాం మింగినప్పుడు అది బయటికొచ్చేదాకా నాన్నకి ధైర్యం చెబుతూ మనింట్లోనే కూర్చున్న మనిషి. నాకీ పేరు రావడానికి సగం కారణం ఆయనే. ఇవాళ్టికీ ఆయన ప్యాంట్లు మన షాపులోనే. ఎక్స్‌రే తీయించి చూపించారు. డిస్కు కాస్త అరిగిందట, మిషను మీద వంగి వంగి వచ్చిన నొప్పట. "మీ నాన్నదీ ఇదేనోయ్" అన్నారు. నాన్న తన వంగిన వీపుని "పని వంపు" అనేవాడే, అదే నాకూ వచ్చింది. నిజం చెప్పాలంటే మొదట్లో కాస్త గర్వంగా కూడా ఉండేది.

బెల్టు పెట్టుకుంటున్నాను. ఆయన చెప్పినట్టే మధ్యాహ్నాలు కూడా మంచమెక్కుతున్నాను. లేచేసరికి కొయ్యబారిపోతున్నానంటే ఇంకా విశ్రాంతి చాలలేదన్నమాట. పనిలో పడితే కాస్త తేలికవుతుంది గానీ, ధ్యాస మళ్ళడం వల్ల అయ్యుంటుంది. ఈమధ్య కుడి కన్ను కూడా ఎర్రబడి వెలుతురు చూడనివ్వలేదు. కళ్ళాయన చుక్కలిచ్చాడు, తగ్గింది. నల్లబట్ట కుడితే అంతే. నాన్న తడిగుడ్డ కంటికేసుకుని కూర్చోవడం నీకు గుర్తుండే ఉంటుంది.

షాపు బేకరీవాడు తీసుకుంటానన్నాడు. ఏప్రిల్ ఆఖర్లో తాళాలివ్వాలి. ఆ పైన బజార్లో పెద్ద బట్టల దుకాణం వాళ్ళు కౌంటరు దగ్గర కుర్చీ ఇస్తామన్నారు. రెడీమేడ్ చొక్కాలు మడతపెట్టడం. వాటి కాజాలు చూస్తే ఏడుపొస్తుంది, కానీ కూర్చుని చేసే పని.

ఊరేగింపు గుర్తులేకపోవడమేంటి? నీ డబ్బా మోతకి నాకిప్పటికీ ఎడమ చెవి సరిగ్గా వినపడదు.

బొత్తాం


జనవరి 30

ఒరేయ్,

పడుకుంటే పెరిగి, పనిచేస్తే తగ్గే నొప్పికి మందు పడుకోవడమా? నేను బస్సు కండక్టర్నే, డాక్టర్ని కాదు. అయినా ఈ లెక్క నాకే పొసగడం లేదు. నువ్వు మాత్రం ఆయన ముఖం చూడాలి, ఆయన ప్యాంట్లు కుట్టాలి అని మొండికేసుకుని కూర్చున్నావు. ఆయన మంచివాడు కాదని ఎవరన్నారు? మంచితనం వేరు, నడుము వేరు.

ఏం మనిషివిరా నువ్వు! నాన్న తన చేత్తో రాసుకున్న బోర్డు దించేసి, ఆయన బట్ట కత్తిరించిన బల్ల మీద కేకులు పెట్టిస్తావా? ఆ బల్ల కిందే కదా మనం పెరిగింది. వాన పడితే అక్కడే పడుకునేవాళ్ళం, పైన కత్తెర చప్పుడు వింటూ. నాన్న మనకి మిగిల్చిందల్లా ఆ గదొక్కటే. చేతులెలా వస్తున్నాయిరా నీకు? నాకు మాత్రం నడుం పట్టెయ్యదా? ఈ బస్సు కుదుపులకి పొద్దున్నే ఒళ్ళు నా మాట వినదు. నేనేమైనా ఉద్యోగం మానుకున్నానా?

ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళావని రాసేదాకా నాకు ఉత్తరం రాయకు.

అక్క


ఫిబ్రవరి 11

అక్కకి,

నువ్వు రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను.

నీకు కావలసింది నాన్న షాపు, నా నడుము కాదని అర్థమైంది. నువ్వు ఆ బల్ల కింద పడుకున్నది చిన్నప్పుడు. నేను ఇన్నేళ్ళుగా దాని మీద వంగి ఉన్నాను. దాన్ని వదలడం నీకంటే నాకే కష్టం, ఆ సంగతి నీకు తోచినట్టు లేదు. నొప్పి వచ్చినా ఉద్యోగం మానని నీ ధైర్యం నాకు లేదు, ఒప్పుకుంటున్నాను.

నాన్న తనకోసం కత్తిరించి కుట్టుకున్న బూడిదరంగు కోటు నీకు పార్సిలు చేస్తున్నాను. నాన్న గుర్తులు నీకే ఎక్కువ కావాలి కాబట్టి అది నీ దగ్గరే ఉండనీ.

తమ్ముడు


మార్చి 1

బొత్తాం,

"తమ్ముడు" అని సంతకం పెట్టావు. బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఆ ఒక్క మాటకి నా కోపమంతా చల్లారిపోయింది. నోరు జారాను రా. షాపు పోతే పోనీ, నువ్వు బాగుండాలి. నేను చెప్పదలుచుకున్నది అదే, కానీ నా నోట్లోంచి వచ్చేసరికి బోర్డూ బల్లా అయ్యాయి.

కోటు వచ్చింది. విప్పగానే సుద్ద వాసన, ఇస్త్రీ వాసన. ముఖం అందులో దాచుకుని చాలాసేపు ఉండిపోయాను. లోపలి జేబులో ఏముందో తెలుసా? అరిగిపోయిన సుద్దముక్క. మా పిల్లలకి కూడా చూపించలేదు, దాచుకున్నాను.

ఇంకో విచిత్రం విను. ఆ కోటు నాకు అతికినట్టు సరిపోయింది! నాన్న బక్కమనిషి, నేను అమ్మ పొడుగు, అందుకేనేమో. చేతులు మాత్రం కాస్త మడుచుకున్నాను. అద్దంలో చూసుకుంటే మెడ దగ్గర్నుంచి కింది దాకా వీపు మీద ఒక్క ముడత లేదు. ముందంచు, వెనకంచు ఒకే వరసలో ఉన్నాయి. "మీ నాన్న నిన్నే కొలిచి కుట్టినట్టుందే" అన్నాడు మీ బావ. ఇక్కడ చలి ఇంకా పోలేదు, పొద్దుటి డ్యూటీకి వేసుకెళ్తున్నాను. మా డ్రైవరు చూసి "తలుపు మేడం దొరసాని అయిపోయింది" అన్నాడు. నన్ను తలుపు మేడం అంటారని నీకు చెప్పలేదు కదూ? తలుపు దగ్గరే నిలబడతానని ఆ పేరనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిప్పకుండా మనిషి మొత్తం తలుపులా తిరుగుతానట, అందుకట. వెధవలు, ఎంత బాగా గమనించారో!

నాన్న నన్ను వెనకనుంచి పట్టుకున్నట్టుంది ఆ కోటులో. ఇచ్చినందుకు నీకు ఏం చెప్పినా తక్కువే.

అక్క


మార్చి 8

అక్కా,

కోటు నీకు నిజంగా సరిపోయిందా? నన్ను మంచి చేసుకోవడానికి రాయలేదు కదా? మెడ వెనక సంచిలా ఉబ్బలేదా? ముందంచు పైకి లేవలేదా?

కోటు తీసి, మడమలూ వీపూ గోడకి ఆనించి నిలబడు. నేరుగా ముందుకి చూడు, గడ్డం పైకెత్తి మోసం చెయ్యకు. తల వెనక భాగం గోడకి తగులుతోందా? తగలకపోతే మధ్యలో బావ చెయ్యి ఎంత పడుతోందో చూడమను. వెంటనే రాయి.

బొత్తాం


మార్చి 15

బొత్తాం,

నేను కడుపులో ఉన్నదంతా వెళ్ళబోసుకుని ఉత్తరం రాస్తే నువ్వు నాకు పరీక్ష పెడతావా? కోటు వెనక్కి కావాలనుకుంటే నోరు తెరిచి అడుగు, పంపిస్తాను. నాన్న పనితనం నీ దగ్గరుండాలని ఉంటే నేనేం కాదనను. సరిపోలేదని నా చేత చెప్పించడానికి ఇంత తతంగం ఎందుకు?

సరే, నిలబెట్టారు నన్ను. పిల్లలు పడీ పడీ నవ్వారు. తల గోడకి తగల్లేదు. ఎంత వెనక్కి నెట్టినా తగల్లేదు. మధ్యలో మీ బావ పిడికిలి పట్టింది. ఈ ఇంటి గోడలే వంకర, వాటిని నమ్మకు. చాలా, సంతోషమేనా?

అక్క


మార్చి 20

అక్కా,

కోటు వెనక్కి నాకెందుకు? నేను ముందే వివరంగా రాయాల్సింది. కొలత తెలియకుండా నిన్ను భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

ఆ కోటు ఎవరికీ సరిపోకూడదు. వీపు వంగిన మనిషికి కోటు కత్తిరించేటప్పుడు వెనక భాగం పొడుగు పెడతాం, ముందు భాగం తగ్గిస్తాం, మెడ చుట్టును ముందుకి జరుపుతాం. అలాంటి వాళ్ళని గుమ్మం చెక్కకి ఆనించి నిలబెట్టి, తల వెనక ఖాళీని చేత్తో కొలవడం నాన్న నాకు నేర్పాడు. నిటారు మనిషి దాన్ని వేసుకుంటే మెడ వెనక ఉబ్బుతుంది, ముందంచు పొట్ట మీదికి లేస్తుంది. నాన్న ఆ కోటు తన వంపుకి తగ్గట్టు కత్తిరించుకున్నాడు. నేను వేసుకున్నప్పుడు ఒక్క ముడత లేదు. టైలర్ని కాబట్టి అంతే అనుకున్నాను. కానీ నువ్వు? నువ్వు జీవితంలో మిషను ముందు కూర్చున్నదెప్పుడు? పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగం నీది. నీకు పని వంపు ఎలా వస్తుందక్కా?

నీకు రాకూడదు. వచ్చిందంటే అది పనిది కాదు. అలాగైతే నాదీ పని వంపు కాదు, నాన్నదీ కాదు.

పొద్దున్నే ఒళ్ళు మాట వినదని రాశావు. ఎంతసేపు వినదు? లేచి తిరిగితే తగ్గుతుందా? కన్ను ఎప్పుడైనా ఎర్రబడిందా? నువ్వు నాకు చెప్పిన మాటే నీకు చెబుతున్నాను, మంచి డాక్టరుకి చూపించుకో. నాకోసం కాదు, నీకోసం. చాలా భయంగా ఉంది.

బొత్తాం


ఏప్రిల్ 5

ఒరేయ్ నా బొత్తాం,

ఫోన్‌లో రెండు ముక్కలే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత మీ బావ నవ్వకపోవడం చూశాను. "పొద్దున్నే నువ్వు మంచం అంచున కూర్చుని కాళ్ళ వంక చూస్తుంటావు, అలవాటేమో అనుకున్నాను" అన్నాడు. రెండేళ్ళ కిందట నాకూ కన్ను ఎర్రబడింది. బస్సు దుమ్మనుకుని చల్లనీళ్ళు కొట్టుకున్నాను. నీకు తెలివి లేదని అంత పొడుగు ఉత్తరాలు రాశానే, నా తెలివి చూశావా!

కీళ్ళ జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పెద్దావిడ, తొందర లేని మనిషి. ముందు మా బస్సు డిపో డాక్టరు రాసిన చీటీ చూసింది. "కుదుపుల వల్ల కండరాల నొప్పి" అని ఉంది అందులో. పక్కన పెట్టింది. నన్ను గోడకి ఆనించి నిలబెట్టింది, అచ్చం నువ్వు చెప్పినట్టే. రక్తం తీయించింది. నడుం కింద కీళ్ళకి స్కానింగు తీయించింది. మీ నాన్నగారి సంగతి చెప్పండి అంది. చెప్పాను. "నొప్పికి కారణం మీ నాన్నగారు మిషను మీదికి తోశారు, తమ్ముడూ మిషను మీదికే తోశాడు, మీరు బస్సు మీదికి తోశారు. ఇంటిల్లిపాదీ ఉద్యోగాలనే తిట్టుకున్నారన్నమాట" అంది.

వెన్నులో, నడుం కీళ్ళలో వాపట. పైకి కనపడదు. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తే తిరగబడి కీళ్ళ మీద పడుతుందట. ఏళ్ళ తరబడి వదిలేస్తే పూసలు ఒకదానికొకటి అతుక్కుని మనిషి అలా వంగిపోతాడట. ఇది కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది. కన్ను ఎర్రబడటం కూడా అందులో భాగమే. మొదట్లో ఎక్స్‌రేలో దొరకదు, అందుకే నడుంనొప్పి కింద కొట్టుకుపోతుందట. పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. మందులున్నాయి. వచ్చేసిన వంపు పోదు గానీ, ఇంకా ముందుకి పోకుండా ఆపొచ్చు అంది. నీ వయసు అడిగి "అతన్ని మంచం మీంచి లేపండి ముందు" అంది.

ఇక చివరిది. నాన్నగారు పొద్దున్నే ఎలా ఉండేవారని అడిగింది. నేను నవ్వుతూ ఊరేగింపు సంగతి చెప్పాను. డబ్బా మూత, టేపు, ఇంకో చుట్టు అన్నీ. ఆవిడ నవ్వలేదు. "సుద్దముక్క నేల మీద ఎందుకు పెట్టేవారు?" అని అడిగింది. ఆటకండీ అన్నాను, అంటూనే నాకు తెలిసింది. అందనట్టు నటించేవాడని నీకు రాశాను చూడు. అందేది కాదురా. నిజంగానే అందేది కాదు.

ఆ తాళాలు ఇవ్వకు. ముందు నీ నడుము చూపించుకో, ఆ తర్వాత షాపుని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఈసారి బల్ల గురించి ఒక్క మాటా అనను. నా కాగితాల నకళ్ళు ఇందులో పెట్టాను.

అక్క


ఏప్రిల్ 26

అక్కా,

నీ కాగితాలు పట్టుకుని ముందు మన డాక్టరుగారి దగ్గరికే వెళ్ళాను. దొంగచాటుగా ఇంకొకరి దగ్గరికి పోవడం నావల్ల కాలేదు. ఆయన మొత్తం చదివి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "మీ నాన్నకీ పడుకోమనే చెప్పానోయ్. పడుకోలేనండీ అనేవాడు. మొండివాడనుకున్నాను" అన్నారు. తనే చీటీ రాసి, పెద్దాసుపత్రిలో కీళ్ళ డాక్టరు దగ్గరికి తోడు కూడా వచ్చారు. బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు, నేను బొత్తాం మింగిన రోజు నాన్న పక్కన కూర్చున్నట్టే.

నాదీ అదే జబ్బు. అక్కాతమ్ముళ్ళం కదా, నీకొచ్చింది నాకు రాకుండా ఎప్పుడు ఊరుకున్నాను? మందులు మొదలుపెట్టారు. బెల్టు తీసి అటక మీద పడేశాను. మిషను మానక్కర్లేదట, అదే పనిగా కూర్చోకుండా మధ్యమధ్య లేచి తిరగాలట. కత్తిరింపు ఎటూ నిలబడే కదా. బల్ల కాళ్ళ కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచాను. బేకరీవాడికి లేదని చెప్పేశాను. "మీ నాన్న కుట్టిన చొక్కాలో పెళ్ళి చేసుకున్నాను, నాకూ మనసొప్పలేదు లెండి" అన్నాడు. ముందే అనొచ్చుగా!

అమ్మ గురించే ఆలోచిస్తున్నాను. అమ్మకి తెలుసక్కా. ఆ గుమ్మంలో నిలబడి ఇవాళ అందుతుందా లేదా అని చూసేది. నాన్న మనకి చెప్పొద్దని ఉంటాడు. ఒళ్ళు కొయ్యబారిపోయి అడుగు తీసి అడుగు వెయ్యలేని మనిషి, మనల్ని లేపి, డబ్బా వాయింపించి, దాన్ని మనకో ఆట చేసిపెట్టాడు. నేను పరిగెత్తి ఆ సుద్దముక్క తీసివ్వబోయేవాణ్ణి చూడు. ఒక్కరోజైనా తీసుకోలేదు. మొన్న షాపు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

నీ కొలతలు పంపు. చేతుల పొడుగు నీకు తగ్గట్టు కొత్త కోటు కుడతాను. వెనక పొడుగు, ముందు పొడుగు, గోడకీ తలకీ మధ్య ఖాళీ, అన్నీ బావ చేత కొలిపించు. వచ్చే ఏడూ పంపాలి, ఆ పై ఏడూ పంపాలి. ప్రతి ఏడూ అవే కొలతలు రావాలి. ఒక్క దారం తేడా వచ్చినా నేను ఊరుకోను.

పొద్దున్నే గుమ్మం దగ్గర ఒక సుద్దముక్క పెట్టుకుంటున్నాను. మొదట్లో చాలా చుట్లు పట్టేది. ఇవాళ టీ చల్లారకముందే అందింది. నీ మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. నవ్వింది.

బొత్తాం


మే 4

ఒరేయ్ బొత్తాం,

కొలతలు పోస్టులో పంపను. నీ చేత్తోనే తీసుకో. సెలవు పెట్టాను, వచ్చే ఆదివారం దిగుతున్నాను. మీ బావ, పిల్లలు ఆ తర్వాత వస్తారు.

డబ్బా మూత వెతికి ఉంచు. ఈసారి వాయించే పని మరదలిది. మనిద్దరం ముందు నడవాలి.

గుమ్మం దగ్గర నీ సుద్దముక్క పక్కన కాస్త చోటుంచు. నాది నేను తెచ్చుకుంటున్నాను.

అక్క